శివప్రకాశం టేబులు

పొద్దున ఏడు నుంచి తొమ్మిదిలోపు నాలుగు వందల మంది నడిచో, సైకిలు తొక్కో దాటితే తిరుత్తణి ఆర్.కె.పేట రోడ్డులో స్పీడ్ బ్రేకరు వేస్తారట. లెక్క రాసే పని వీధివాళ్లదేనని మున్సిపల్ ఆఫీసు నుంచి వచ్చిన మోనిషా చెప్పగానే శివప్రకాశం నేనున్నానన్నాడు. ఆయన భార్య కుప్పమ్మకు పూలగంపతో అవతలి బస్టాపుకు దాటాలంటే రోజూ అరగంట పడుతుంది. పోయిన నెల ఎవడో బైకుతో గంపను తగిలిస్తే మల్లెపూలన్నీ రోడ్డుపాలయ్యాయి. ఆనాటి నుంచి ఆవిడ రోడ్డును తిట్టడం మాని మొగుణ్ణి తిడుతోంది.

దాటిన మనిషికొక గీత, అంతే పని. నిలబడి గీసుంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ ముప్పయ్యేళ్లు మిల్లులో సూపర్‌వైజరుగా చేసిన మనిషి నిలబడి రాస్తాడా? రోడ్డు పక్కన ప్లాస్టిక్ టేబులు వేయించి, కుర్చీలో కూర్చుని, కాగితం ఎగరకుండా రాయి పెట్టాడు. తిరుత్తణిలో టేబులు, కుర్చీ, కాగితం ఒకచోట చేరితే దాన్ని క్యాంపు అంటారు.

మొదట వచ్చింది కంపెనీ డ్యూటీకి పోతున్న ఎస్తేర్. వస్తూనే ఆధార్ కార్డు టేబుల్ మీద పెట్టింది.

"ఏం ఇస్తా ఉండారు మామా?"

"ఏమీ ఇయ్యరమ్మా. నడిచేవాళ్లను, సైకిలోళ్లను లెక్క రాస్తా ఉండా. కార్డొద్దు, నువ్వు పో."

కార్డు కూడా వద్దన్నారంటే ఇదేదో పెద్దదేనని ఎస్తేర్ అక్కడే నిలబడిపోయింది. ఆమె వెనక పదిమంది చేరారు. నడిచేవాళ్లకు సైకిళ్లిస్తారని మాట పుట్టింది. సైకిళ్లున్నవాళ్లు వాటిని పక్కింట్లో దాచి నడిచి వచ్చారు. కాసేపటికి సైకిలున్నవాళ్లకే స్కూటరని ఎవరో అన్నారు. దాచినవాళ్లు పరుగున పోయి తెచ్చుకున్నారు, లేనివాళ్లు చుట్టాలనడిగి తెచ్చుకున్నారు. శివప్రకాశం గొంతు పోయేలా కాదు, లేదు అని చెప్పాడు. ఇంత గట్టిగా లేదంటున్నాడంటే సొంతవాళ్లకు దాచిపెడుతున్నాడని లైను చివరివాళ్లు తేల్చేశారు.

ఎనిమిదింటికి లైను రోడ్డుకు అడ్డంగా సాగింది. చోటు పోతుందని ఒక్కరూ కదల్లేదు. రెండు వైపులా బస్సులూ లారీలూ ఆగిపోయాయి.

తొమ్మిదింటికి మోనిషా వచ్చి కాగితం చూసింది.

"ఇంతమంది ఉండారే అంకుల్, గీత ఒక్కటే ఉండాదేంది?"

"అందురూ నిలబడినారమ్మా. దాటినేది ఒక్క మనిషే."

దాటింది కుప్పమ్మ. ఆగిన బస్సుల మధ్య నుంచి, గంప మీద చెయ్యైనా వేయకుండా, రెండు నిమిషాల్లో దాటింది.

వారానికి ఆఫీసు జవాబు వచ్చింది. దాటేవారు ఒక్కరే, వాహనాలన్నీ ఎలాగూ ఆగే ఉన్నాయి కాబట్టి స్పీడ్ బ్రేకరు అనవసరమట. శివప్రకాశానికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. భార్యకు ఆ కాగితం చదివి వినిపించి, తిట్లకోసం తల వంచుకుని కూర్చున్నాడు.

"పోతే పోనీలేయ్యా," అంది కుప్పమ్మ. "రేపు ఏడుకి మళ్లా ఆ టేబులెయ్యి. నేను దాటినాక తీసేద్దువు."

ఇప్పుడు రోజూ ఏడింటికి టేబులు పడుతోంది. లైనులో మొదటి చోటు ఇంకా ఎస్తేర్‌దే.