ఓడ చూసినట్టు సర్టిఫికెట్

ఓడని చూడ్డానికి ఓడ రావాల్సిన పనిలేదు.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. నా దగ్గర సర్టిఫికెట్ ఉంది. పైన హార్బర్ వాళ్ళ ముద్ర, కింద ఎవరో పెద్దాయన సంతకం, మధ్యలో బంగారు రంగు అక్షరాల్లో నా పేరు. 'చారిత్రక తెరచాప ఓడను వీరు స్వయముగా వీక్షించినట్లు ధ్రువీకరించడమైనది.' నేను వీక్షించిన సమయానికి ఓడ అక్కడ లేదన్నది చిన్న విషయం. అలాంటివి పట్టుకుని వేలాడేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

నేనడిగేది ఒక్కటే. మీరు ఇంతవరకూ చూశామని చెప్పుకుంటున్న వాటిలో ఎన్నింటికి మీ దగ్గర సర్టిఫికెట్ ఉంది?

పాతరోజుల్లో ఎంత అరాచకం! ఓడ వస్తోందంటే జనం గోడలెక్కేవారు, గట్టు మీద కాళ్ళు వేలాడేసుకుని కూచునేవారు, ఎవరికి తోచినంతసేపు వాళ్ళు చూసేవారు. తోచినంతసేపు ఏమిటండీ? ఒకాయన పొద్దున వచ్చి మధ్యాహ్నం దాకా చూస్తూ ఉంటే వెనకవాడి గతేం కావాలి? చూడ్డానికి కూడా ఒక క్రమం ఉండాలని పోయిన ఏడాది ఇదే కాలమ్‌లో నెత్తీ నోరూ కొట్టుకుని రాశాను. హార్బర్ వాళ్ళు చదివారట. నన్ను చదివేవాళ్ళున్నారని తెలిసి ముందు నేనే నమ్మలేదు. నూట యాభై ఏళ్ళ నాటి మూడు స్తంభాల ఓడ మన రేవులోంచి వెళ్తుందనగానే యాప్ పెట్టారు, స్లాట్లు ఇచ్చారు. మనిషికి నాలుగు నిమిషాలు.

గర్వంగా ఉంది. దాచుకోవడం ఎందుకు?

యాప్‌లో నమోదు చేసుకోవడం చాలా సులభం. రెండు రోజులు పడుతుంది, అంతే. మీ ఎత్తెంత, కళ్ళజోడు ఉందా, ఇంతకుముందు ఏదైనా ఓడ చూశారా, చూస్తే ఏమనిపించింది అని అడుగుతుంది. తర్వాత వంకరటింకర అక్షరాలు చూపించి, నువ్వసలు మనిషివేనా అంటుంది. మా ఆవిడ మూడుసార్లు మనిషి కాదని తేలింది. నాలుగోసారి ఎందుకో దయతలచింది.

'ఓడని ఎందుకు చూడాలనుకుంటున్నారు?' అన్నది ఆఖరి ప్రశ్న. విజ్ఞానం, వినోదం, ఇతరం. ఇతరం నొక్కితే కారణాన్ని ఇరవై అక్షరాల్లో రాయాలి. మా మామగారి కారణం ఇరవై అక్షరాల్లో ఇమిడేది కాదు. అందుకని ఆయనకి వినోదం నొక్కేశాను.

ఆ కారణమేమిటో మీకు చెబుతాను, ఇక్కడ చోటుంది కాబట్టి. మామగారు ముప్పై నాలుగేళ్ళు ఈ హార్బర్‌లోనే తెరచాపలు కుట్టే షెడ్డులో పనిచేశారు. నలభై ఒక్క ఏళ్ళ కిందట ఇదే ఓడ మరమ్మతుకి వస్తే, ఏడుగురు కూచుని మూడు నెలలు దాని పెద్ద తెరచాప కుట్టారు. కత్తిరింపు మామగారిది. తెరచాప దుప్పటిలా చదునుగా ఉండకూడదట. గాలి పట్టగానే కడుపునిండా తిన్నవాడి పొట్టలా ఉబ్బాలట. ఆ పొట్ట కత్తిరింపులోనే ఉండాలట. రెండు వేళ్ళ తేడా వచ్చిందా, గుడ్డ పటపటా కొట్టుకోవడమే తప్ప ఓడ కదలదు.

తీరా కుట్టాక ఆ తెరచాప విచ్చుకోగా ఆయన చూడలేదు. షెడ్డులో రేవువైపు కిటికీలన్నింటికీ వాళ్ళ మేస్త్రీ చెక్కలు కొట్టించాడు. ఓడల్ని చూస్తూ కుడితే కుట్లు వంకరపోతాయని ఆయన సిద్ధాంతం. ఓడ వెళ్ళిపోయిన రోజు ఏడుగురూ లోపల ఏదో లారీకి టార్పాలిన్ కుడుతున్నారు. వాళ్ళకి కూత మాత్రం వినిపించింది. అప్పటినుంచీ మామగారిని ఒకటే సందేహం తొలుస్తోంది. పొట్ట సరిగ్గా వచ్చిందా, రాలేదా?

"ఇన్నేళ్ళు ఆ గుడ్డే ఉంటుందా మామగారూ?" అన్నాను.

"గుడ్డ ఎందుకుంటుందండీ, ఎప్పుడో మార్చేసుంటారు. కానీ పాతదాన్ని నేలమీద పరిచే కొత్తది కత్తిరిస్తారు. కొలత అదే వస్తుంది. తప్పయితే తప్పే వస్తుంది" అన్నారు. ఆ తర్వాత నా ఫోన్‌లోకి తొంగిచూసి, "వినోదం అని పెట్టారేమిటి అల్లుడుగారూ? నేను పని చూసుకోడానికి కదా వెళ్తున్నది" అన్నారు.

ఆయన ఒక కంటికి ఆపరేషన్ అయింది. రెండోది, ఆయన మాటల్లో చెప్పాలంటే, దీర్ఘకాలిక సెలవులో ఉంది. "నాన్న నన్ను ఏదైనా అడగడం ఇదే మొదలు. ఎలాగైనా చూపించాలండీ" అంది మా ఆవిడ. ఎలాగైనా ఏమిటి, పద్ధతిగానే చూపిస్తానన్నాను.

మా స్లాట్ పది ఇరవై నుంచి పది ఇరవై నాలుగు దాకా. ఏడో గేటు, చేతికి పసుపు పట్టీ. రెయిలింగు దగ్గర నేలమీద పాదాలు గీసి ఉంటాయి. వాటిమీద మన పాదాలు పెట్టి నిలబడాలి. ఆ కొలత ఏ ఐదో తరగతి పిల్లనో నిలబెట్టి తీసుకున్నారు కాబోలు, నా మడమలు వెనకవాళ్ళ స్లాట్‌లోకి వెళ్ళాయి. ఈల వేస్తే చూడ్డం మొదలుపెట్టాలి. మళ్ళీ ఈల వేస్తే మానెయ్యాలి.

మొదటి ఈల పడింది. చూశాం. సముద్రం ఎంత బాగా కనిపించిందో చెప్పలేను! మధ్యలో ఓడ అడ్డం లేదు. ఉన్న నాలుగు నిమిషాలూ నీళ్ళమీదే మనసు నిలిచింది. ఓడే గనక ఉంటే స్తంభాలెన్ని, తాళ్ళెన్ని అనుకుంటూ కళ్ళు పరుగులు పెట్టేవి కావూ? మామగారు మాత్రం నీళ్ళని చూడకుండా జెండాకర్ర మీద జెండా వంక చూస్తున్నారు. అది తడిబట్టలా వేలాడుతోంది.

రెండో ఈల పడింది. మామగారు కదల్లేదు. ఈల వేసిన వాలంటీరు పిల్ల దగ్గరికొచ్చింది.

"తాతగారూ, మీ స్లాట్ అయిపోయిందండీ."

"ఓడ రాలేదు కదమ్మా."

"టైం అయిపోతే అయిపోయినట్టేనండీ."

"గాలి పడిపోయిందమ్మా. మళ్ళీ లేస్తే గానీ అది రాదు. గాలికి స్లాట్ ఎన్నింటికి ఇచ్చారు?"

ఆ పిల్ల పాపం నిజంగానే ఫోన్ తీసి వెతికింది. "గాలి గురించి ఇందులో ఏమీ లేదండీ" అంది.

వెనక బ్యాచ్ వాళ్ళు గొణుగుతున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. పద్ధతి కావాలని రాసిన మనిషి మామగారే పద్ధతి తప్పితే ఎలా? "రండి మామగారూ, రూలంటే రూలే" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేశాను. ఆయన రెయిలింగుని ఒకసారి తడిమి నా వెంట వచ్చేశారు. మా ఆవిడ మాత్రం నా వంక ఒక చూపు చూసింది. ఆ చూపు నాలుగు నిమిషాల్లో అయిపోలేదు.

మా తర్వాతి బ్యాచ్ అదృష్టం ఇంకా గొప్పది. వాళ్ళ స్లాట్‌లో రేవులో బురద తోడే పడవ ఒకటి వెళ్ళింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఒకాయన కూతుర్ని భుజం మీదికి ఎత్తుకుని, నూట యాభై ఏళ్ళయినా చెక్కుచెదరలేదు చూడమ్మా అన్నాడు. వాళ్ళకీ మాలాంటి సర్టిఫికెట్లే ఇచ్చారు. ఎక్కడా పక్షపాతం లేదు.

బయటికి వెళ్ళే దారికి రెండువైపులా నిలువెత్తు రేకులు కొట్టారు. స్లాట్ అయినవాళ్ళు వెళ్తూ వెళ్తూ అదనంగా చూసెయ్యకుండా. ఎంత ముందుచూపు! దారి చివర గేటు, గేటు దగ్గర అభిప్రాయ సేకరణ. పద్దెనిమిది ప్రశ్నలకీ జవాబులు నింపితే గానీ గేటు తెరుచుకోదు, సర్టిఫికెట్ రాదు. నా ముందు రెండొందలమంది ఉన్నారు. నా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది.

నేను మూడో ప్రశ్నలో ఉండగా మామగారు బాత్రూమ్‌కి వెళ్ళొస్తానన్నారు. బాత్రూమ్ పక్కనే ఉన్న పాత రాతికట్టడంలో, పై అంతస్తులో ఉంది. మెట్ల దగ్గర ఆగి గోడమీద చెయ్యేసి, "ఇది మా షెడ్డే" అన్నారు. నేను తలూపాను. ఐదో ప్రశ్న కష్టంగా ఉంది.

పదకొండో ప్రశ్న, 'ఓడ మీకు ఏ వైపునుంచి బాగా నచ్చింది?' అన్ని వైపులనుంచీ అని రాస్తుండగా నా చేతిలో కాగితం రెపరెపలాడింది. చొక్కా ఉబ్బింది. ఎవరిదో టోపీ రేకుల మీదనుంచి ఎగిరిపోయింది. రేకులకి అవతల జనం ఒక్కసారిగా హోరెత్తారు. మెడ ఎంత చాచినా నాకు రేకులే కనిపించాయి. మంచి నాణ్యమైన రేకులు.

ఈలోగా బాత్రూమ్ మెట్లమీద ఒక వింత. పైకి వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఉంటున్నాడు గానీ ఒక్కడూ దిగి రావడం లేదు. ముందు పదిమంది, తర్వాత ఇరవైమంది. ఉదయం హార్బర్‌లో పంచిన బిస్కెట్ల మీద నాకు అనుమానం వచ్చింది. మా ఆవిడ మెట్ల కింద నిలబడి కంగారుగా పిలిచింది.

"నాన్నా, ఎంతసేపు? ఏం చేస్తున్నావు?"

"చూస్తున్నానమ్మా" అని పైనుంచి గొంతు వినిపించింది.

"ఏం చూస్తున్నావు?"



తర్వాత తెలిసింది. మేస్త్రీ చెక్కలు కొట్టించిన కిటికీల్లో ఒకటి ఇప్పుడు బాత్రూమ్ గోడలో ఉంది. మనుషులు పనిచేసినన్నాళ్ళూ మూసి ఉంచిన కిటికీని, బాత్రూమ్‌కి గాలి కావాలని తెరిచారు. మామగారు దాని కింద నిలబడి మునివేళ్ళమీద లేస్తూ ఉంటే, అక్కడ శుభ్రం చేసే అతను చూసి బకెట్ బోర్లించి ఇచ్చాడట. "ఎక్కండి పెద్దాయనా, నేను పట్టుకుంటాను" అన్నాడట. స్లాట్ అడగలేదు. కారణం ఇరవై అక్షరాల్లో చెప్పమనలేదు. తర్వాత వచ్చినవాళ్ళు వచ్చిన పని మరిచిపోయి ఆయన వెనక ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని నిలబడిపోయారట.

మామగారు అరగంటకి దిగొచ్చారు. నాకోసం తెరుచుకున్న గేటు మూసుకునేలోగా నా వెనకే బయటపడ్డారు. బస్సెక్కాం. సీటులో కూచున్నాక రెండు చేతులూ దొప్పలా పట్టి కూతురికి చూపించారు.

"ఇలా నిండిందమ్మా. ఎక్కడా ముడత లేదు. గుడ్డ కొత్తదే. పొట్ట మాత్రం నాదే."

మా ఆవిడ బస్సులో అందరిముందూ ఏడ్చేసింది. నాకు చాలా సిగ్గేసింది. కావాలంటే ఆయన ఇంకో గంట ఆ రెయిలింగు దగ్గర నిలబడి ఉండేవారు, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది నేను. తర్వాత సర్టిఫికెట్ తీసి ఒకసారి చదువుకుని తేరుకున్నాను.

ఇప్పుడది మా హాల్లో ఫ్రేములో ఉంది. వచ్చినవాళ్ళు దాన్ని చూసి, ఓడ ఎలా ఉందండీ అని నన్నడుగుతారు. నేను లోపలికి తిరిగి మామగారిని పిలుస్తాను. ఆయనకి సర్టిఫికెట్ లేదు. పద్దెనిమిది ప్రశ్నలకీ జవాబు చెప్పలేదు కాబట్టి, రికార్డుల ప్రకారం ఆయన ఓడని చూడలేదు.

ఇంత చక్కటి ఏర్పాటులో ఒక్క లోపం మాత్రం ఉందని ఒప్పుకోక తప్పదు. ఆ బాత్రూమ్‌లో ఏ క్రమమూ లేదు. యాప్ లేదు, ఈల లేదు, నేలమీద పాదాలు లేవు. ఎవడికి తోచినంతసేపు వాడు చూస్తున్నాడు! బాధ్యత గల పౌరుడిగా ఆ కిటికీని వెంటనే మూయించమని హార్బర్ వాళ్ళకి ఫిర్యాదు రాశాను. కవరు అతికించి బల్లమీద పెట్టాను.

ఓడ తిరుగు ప్రయాణం ఆదివారమట. నేనూ మామగారూ పొద్దున్నే వెళ్తున్నాం, బకెట్ మాదే తీసుకెళ్తున్నాం. కవరు సోమవారం పోస్టు చేస్తాను.