ఎడమ పెట్టెలోని లోతు

ఆ ఆదివారం ఉదయం సారంగపాణి వేసుకున్న పథకం చిన్నది. తొమ్మిదింటికి రెండు స్పీకర్లను టేకు పెట్టెల్లో బిగించాలి. పదింటికి ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ భాస్కర్ వచ్చి వింటాడు. నచ్చితే జత కొంటాడు. భాస్కర్ ఇంట్లో విదేశీ సెట్లు మూడున్నాయి. ఆయన ఔనంటే వరంగల్‌లో పాట వినేవాళ్లందరూ ఔనంటారు. 1978 నాటికి సారంగపాణి ఈ పని మొదలుపెట్టి ఎనిమిదేళ్లు. ఒక్కరూ కొనలేదు. వస్తువు విలువను అది తయారైన చిరునామా ఎందుకు నిర్ణయించాలన్నది అతని ఆక్రోశం.

కొత్తవాడలో వాళ్లది నేతపని ఇల్లు. తల్లి రాజవ్వ వీధిలో పడుగు పరిచి, నూలుకు కుంచెతో గంజి పెడుతోంది. సారంగపాణి చేత్తో చేసిన రెండు కాగితపు స్పీకర్లు, అంచుల జిగురు ఆరడానికి, అరుగు మీద ఉన్నాయి. అతను లోపల తీగలు అతికించి బయటికి వచ్చేసరికి రెండూ తెల్లగా మెరుస్తున్నాయి.

"ఏం జేసినవే అవ్వా?"

"ముట్టుకుంటే గజగజ వణుకుతాంది బిడ్డా. నూలుకు వెట్టినట్టు జర గంజి వెట్టిన. గట్టిపడ్తది."

"అది వణకాలెనే! వణికితెనే పాట!"

"వణికేదాన్ని ఎవడు కొంటడురా?"

తడిగుడ్డతో తుడిస్తే కాగితం నానింది. నానినందుకు ఎండలో పెట్టవలసి వచ్చింది. ఎండలో పెట్టినందుకు పక్కింటి మొగిలమ్మ మేకకు గంజి వాసన తగిలింది. అది ఒక స్పీకర్‌ను తినేసి అయస్కాంతాన్ని మాత్రం వదిలిపెట్టింది.

"నీ మేక నా స్పీకర్ తిన్నది!" అని సారంగపాణి అరిచాడు.

"గంజి వాసన జూపెట్టింది మీరు, తప్పు మాదా? దానికి కడుపునొస్తె దవాఖానకు నువ్వే ఎత్కపోవాలె!" అంది మొగిలమ్మ.

మిగిలిన స్పీకర్‌ను కుడి పెట్టెలో బిగిస్తుండగానే, అరగంట ముందుగా, భాస్కర్ రిక్షా దిగాడు. ఎడమ పెట్టెకు ముందు గుడ్డ ఉంది, లోపల ఏమీ లేదు.

"సార్, ఒక్క మాట..."

"మాట్లాడకయ్యా. ముందుగాల విననియ్యి."

భాస్కర్ కళ్లు మూసుకున్నాడు. సారంగపాణి పెట్టిన సన్నాయి రికార్డు ఒక వైపు పూర్తయింది. ఈలోగా అతను రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ భాస్కర్ వేలు లేచింది.

"కుడిది మోటుగున్నది. ఏదో లోపం. కని ఎడమది... అబ్బ! మా ఇంట్ల విదేశీదానికి గూడ ఇంత లోతు లేదు."

ఎనిమిదేళ్లుగా సారంగపాణి ఎదురుచూసిన మెప్పు అది. ఒక ఖాళీ పెట్టెకు వచ్చింది. ఊరుకుంటే జత అమ్ముడుపోతుంది. తాను ఇంతకాలం ఏ చెవిని న్యాయస్థానమని నమ్మాడో అప్పుడు అర్థమైంది. భాస్కర్ మీద ఎంత కోపం వచ్చిందో, తన మీద అంతకు రెండింతలు వచ్చింది. అతను లేచి ఎడమ పెట్టె గుడ్డను పర్రున చింపాడు.

"చూడుండ్రి సార్. లోతే ఉన్నది, ఇంకేం లేదు. మీరు మోటన్నదే ఇంతసేపు పాడింది. మా అవ్వ గంజి వెట్టిన స్పీకర్ అది. మీకు అమ్మేది లేదు, పొండ్రి!"

"సారుకు మేకను గూడ జూపియ్యరా," అంది గుమ్మంలోంచి రాజవ్వ. "సగం పాట దాని కడుపుల్నే ఉన్నది."

భాస్కర్ ఖాళీ పెట్టెలోకి తొంగిచూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"సారంగపాణీ, ఈ ముచ్చట కాలేజీల ఎవలికీ జెప్పకు. నాకొక జత కావాలె."

"ఎసొంటిది సార్?"

"గంజి వెట్టింది. రెండు పెట్టెల్ల గూడ."

తర్వాత సారంగపాణి అమ్మిన ప్రతి జతతోనూ ఒక సూచనల కాగితం వెళ్లేది. దాని ఆఖరి వాక్యం, "మేకలకు అందకుండా ఉంచవలెను." పాట తెలిసినవాళ్లందరూ దాన్ని చదివి గంభీరంగా తల పంకించారే తప్ప, ఎందుకని ఒక్కరూ అడగలేదు.