సెవిచే కొట్టుకు పచ్చకామెర్లు

కొత్త సంవత్సరం మొదటి రోజు ఉదయం పదకొండింటికి కొట్టు తెరవాలని యోవెర్, నెలీదా అనుకున్నారు. చింబోతె రేవులో అంతకు మించిన ముహూర్తం లేదు. ముందురోజు తాగి ఆడిన ఊరంతా తల పట్టుకుని లేచి, నిమ్మరసంలో ఊరిన పచ్చిచేప సెవిచే కోసం వెతుక్కుంటుంది. వాళ్ళకు పెళ్ళయి ఐదు వారాలు. కొట్టుకు నీలం రంగు తలుపు. నెలీదా దాన్ని రోజుకు నాలుగుసార్లు ఊరికే తెరిచి మూసి మురిసిపోయేది.

"నెలీ, నేను మామిడిపండులా ఉన్నానేంటి?" అన్నాడు యోవెర్ అద్దం ముందు.

ముఖం, మెడ, చేతులు పసుపు పచ్చగా ఉన్నాయి. సబ్బుతో రుద్దినా పోలేదు. చేపలు తెచ్చిన యుడోసియా పిన్ని గడపలోనే ఆగిపోయింది. ఆసుపత్రిలో ఇరవై ఏళ్ళు దుప్పట్లు ఉతికింది కనుక ఆమె సగం డాక్టరు.

"హెపటైటిస్. నీ లివరు అయిపోయిందిరా."

"నాకు ఆకలేస్తోంది పిన్నీ."

"చివర్లో అలాగే వేస్తుంది."

అప్పుడామె చూపు నెలీదా మీద పడింది. ఎడమ చెంప ఒక్కటే పచ్చగా ఉంది.

"ఒక చెంపకే అంటిందేంటే?"

"రాత్రి ఆ చెంప ఆనించే డాన్సు చేశాం," అంది నెలీదా సిగ్గుపడుతూ.

లివరుకు తీపి మంచిదని పిన్ని ఇద్దరి నోళ్ళలో మిఠాయిలు కుక్కి, ఆరోగ్య కేంద్రానికి బయలుదేరదీసింది. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, "దగ్గరికి రాకండి, మా పిల్లలకు హెపటైటిస్," అని జాగ్రత్త చెప్పింది. నాలుగో వీధికి వచ్చేసరికి జబ్బు చేపలకే వచ్చిందన్నారు. ఆటోవాడు వాళ్ళను ఎక్కించుకుని, తాను దిగి, వెనక నుంచి తోసుకుంటూ వచ్చాడు.

డాక్టరమ్మ యోవెర్ కళ్ళు చూసింది. తెల్లగా ఉన్నాయి. మెడ మీద స్పిరిట్ దూదితో రుద్దింది. దూది పచ్చబడింది.

"రాత్రి ఏం వేసుకున్నావు?"

యోవెర్ తల దించుకున్నాడు. ఆ ఊళ్ళో ఏడాది మారేటప్పుడు అందరూ పసుపురంగు బట్టలే వేసుకుంటారు. అతనికి లోపలివీ పైవీ అన్నీ సంతలో కొన్నది నెలీదాయే. చెమట పట్టినప్పుడల్లా అతను ఆ చొక్కాతోనే ముఖం తుడుచుకున్నాడు.

"అదృష్టం పడుతుందని," అంది నెలీదా.

"బాగా పట్టింది," అంది డాక్టరమ్మ.

"రక్తం చూడకుండా నేను కదలను," అంది పిన్ని.

"హెపటైటిస్ ఐదు రకాలమ్మా. 'ఎ', 'ఇ' అనేవి పాడైన తిండీ నీళ్ళ వల్ల వస్తాయి. బి, సి రక్తం ద్వారా వస్తాయి. బి దాంపత్యంలో కూడా అంటుతుంది, దానికి టీకా ఉంది. డి అనేది బి ఉన్నవాళ్ళకే వస్తుంది. చెంపలు ఆనించుకుంటే ఏదీ రాదు. మిఠాయితో ఏదీ పోదు," అని డాక్టరమ్మ ముగ్గురి రక్తమూ తీసుకుంది.

ఆ రోజు నీలం తలుపు తెరుచుకోలేదు. చేపలన్నిటినీ రేవులోని పెలికాన్ పక్షులు తిన్నాయి. నెలీదా ఖాళీ బల్లల మధ్య కూర్చుని ఏడ్చింది.

వారానికి ఫలితాలొచ్చాయి. దంపతులకు ఏ రకమూ లేదు. పిన్నికి మాత్రం సి ఉంది.

"నాకా? నేను పచ్చగా లేనే."

"సి ఏళ్ళ తరబడి బయటపడదమ్మా. ఎప్పుడైనా రక్తం ఎక్కించుకున్నారా?"

"ముప్పై ఏళ్ళ కిందట, ఆపరేషన్‌కి."

"రెండో పరీక్షలోనూ తేలింది. పన్నెండు వారాలు మాత్రలు వేసుకుంటే దాదాపు అందరికీ పోతుంది. ఇంకా ఆలస్యమైతే లివరు గట్టిపడేది."

పిన్ని ఈసారి ఏ గుమ్మం దగ్గరా ఆగకుండా ఇంటిదాకా నడిచింది. ఆ సాయంత్రమే మళ్ళీ ప్రతి గుమ్మం ఎక్కింది. "జబ్బు నాది. వాళ్ళకు ఏదీ లేదని కాగితం ఉంది. నాది కూడా తిండితో అంటదు," అని చెప్పొచ్చింది. నెలీదా ఆ కాగితానికి అద్దం కట్టించి తలుపుకు తగిలించింది. ఆదివారం జనం వీధి మలుపుదాకా నిలబడ్డారు. ఐదు రకాలూ లేవని రాసిన కొట్టు ఆ ఊళ్ళో ఇంకోటి లేదు.

సోమవారం పొద్దున్నే ఎదురు హోటలు యజమాని పరగడుపున ఆరోగ్య కేంద్రంలో కూర్చుని ఉన్నాడు. ఏం బాధ అని డాక్టరమ్మ అడిగితే, "ఎదురు కొట్టు," అన్నాడు.