కార్బురేటర్ నిష్ఠాపరులు

“కార్బురేటర్‌ను విడిచినవాడికి ఇహమూ లేదు, పరమూ లేదు!”

పాత జీపుల పరిరక్షణ సంఘం అధ్యక్షులవారు ఈ వాక్యాన్ని సెలవివ్వగానే సభాభవనం చప్పట్లతో దద్దరిల్లింది. సంఘసభ్యుల బళ్లు సామాన్యమైనవి కావు. నాలుగు చక్రాలూ లాగే బళ్లవి. బండరాళ్లెక్కుతాయి, వాగులు దాటుతాయి. ఇంటి గేటు దాటడమే కాస్త కష్టం! పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు అందించవలసిన కార్బురేటర్ అనే పురాతన సాధనం తనకు మనసైతేనే కలిపేది. అయినా దాన్ని తీసేసి కంప్యూటరుతో పెట్రోలు చిమ్మే ఆధునిక యంత్రాన్ని బిగించుకున్నవాడు ఆ సంఘం దృష్టిలో పతితుడు.

చప్పట్ల నడుమ కూర్చున్న అధ్యక్షులవారు మాత్రం దొంగచూపులు చూస్తున్నారు. ఎందుకంటే, ఆయనే పతితుడు.

క్రిందటి వానాకాలంలో ఆయన భార్య, స్టేషన్‌కు వెళ్లే దారిలో బండిని బురదలో తోసి తోసి, చివరికి రైలు వెళ్లిపోవడం కళ్లారా చూసింది. ఇంటికి వచ్చి చీర అంచు పిండుకుంటూ ఒకే మాట అన్నది: “ఆ కార్బురేటరైనా ఉండాలి, నేనైనా ఉండాలి.” అధ్యక్షులవారు పొరుగూరి మెకానిక్కును రహస్యంగా ఆశ్రయించారు. ఆధునిక యంత్రం అడుగున చేరింది. పేగులు తీసేసిన పాత కార్బురేటర్ పైన కొలువుదీరింది.

మరునాడు తాళంచెవి తిప్పీ తిప్పకముందే బండి బయలుదేరడానికి సిద్ధమైంది! ఆయన హడలిపోయి వెంటనే ఆపేశారు. పక్కింటివాళ్లు వింటే ఏమైనా ఉందా? నాటినుండి ప్రతి ఉదయమూ తాళంచెవిని సగం తిప్పి వదలడం, మళ్లీ తిప్పి వదలడం, మధ్యమధ్య గట్టిగా నిట్టూర్చడం సాధన చేయసాగారు.

“బాగైన బండిని చెడిపోయినట్టు చూపించడానికి ఇంత తంటాలా?” అన్నది భార్య.

“మెల్లగా మాట్లాడు. సంఘం వింటుంది.”

“మీ సంఘం మన వంటింట్లో కాపురముందా?”

“సంఘం లేకపోయినా నీ తమ్ముడున్నాడుగా! ఏ క్షణాన ఊడిపడతాడో!”

ఆ తమ్ముడే సంఘ కార్యదర్శి. అధ్యక్షపీఠం మీద అతడికి ఎప్పటినుండో కన్నుంది. ఆనాటి సభలో చప్పట్లు ఆగాక అతడు లేచి, “ఈసారి కొండ ఎక్కినప్పుడు శిఖరాన అందరి బళ్ల బానెట్లూ తెరిపించి నేనే పరీక్షిస్తాను. కల్తీ కనిపిస్తే సభ్యత్వం రద్దు! అధ్యక్షుడైనా సరే!” అని ప్రతిపాదించాడు. సభ్యులందరూ ఆమోదించారు. చేతులు కొంచెం ఆలస్యంగా లేచిన సంగతి అధ్యక్షులవారు గమనించే స్థితిలో లేరు.

ఆ రోజు రానే వచ్చింది. కొండదారిలో ఒక మలుపుంది. ఎండవేడికి గొట్టంలోని పెట్రోలు ఆవిరై ప్రతి కార్బురేటర్ బండీ అక్కడ ఆగిపోవడం ఆనవాయితీ. బానెట్ ఎత్తి లోపల తడిగుడ్డ వేసి చల్లబడేదాకా కాచుకోవాలి. ఒకరి బానెట్‌లోకి ఒకరు తొంగిచూడకపోవడం అక్కడి మర్యాద. భార్యను పక్కన కూర్చోబెట్టుకుని వచ్చిన అధ్యక్షులవారు మలుపు రాగానే చప్పుడు కాకుండా తాళంచెవి తిప్పి ఇంజను ఆపి, “అయ్యో! మళ్లీ మొరాయించిందే!” అని బిగ్గరగా వాపోయారు.

వెనుక బళ్లన్నీ వరుసగా ఆగాయి. వరుసగా నిట్టూర్పులు. వరుసగా తడిగుడ్డలు.

“చూశావా, ఎంత నిష్ఠ! వీళ్లందరిలో నేనొక్కణ్ణే పాపిని,” అన్నారాయన కళ్లు చెమర్చగా.

“ముందు మీ గుడ్డ తడపండి. పొడిగుడ్డ వేశారు,” అన్నది భార్య.

అంతలో చిట్టచివరనున్న కార్యదర్శి బండి ఆగుతూ ఆగుతూ పొగగొట్టంలోనుండి ఢామ్మని పేలింది. పైన కొండచరియకు వేలాడుతున్న తేనెపట్టు కదిలింది.

“తేనెటీగలు! పారిపోండి!”

సభ్యులు బానెట్లు దభాలున మూసి బళ్లలోకి దూకారు. తాళంచెవులు ఒక్కసారి తిరిగాయి. ఆహా! అంతసేపూ కొన ఊపిరితో మూలిగిన బళ్లన్నీ ఒక్క దగ్గైనా దగ్గకుండా లేచి, గాలితో పందెం వేసుకుంటూ కొండెక్కాయి. కార్యదర్శి బండి మాత్రం కుయ్యిమని మూలిగి ఊరుకుంది.

“ఆపండి! వాడు నా తమ్ముడు!”

అధ్యక్షులవారు బండిని వెనక్కి నడిపి, “ఎక్కరా, తొందరగా!” అని బావమరిది చెయ్యి పట్టి లోపలికి లాగారు. అప్పటికే అతడి ముఖం పొంగిన పిండిముద్దలా ఉంది. అయినా చెవులు పనిచేస్తున్నాయి.

“బావా, నీ బండి దగ్గడంలేదేం?”

“భయంతో మరిచిపోయిందిరా,” అన్నది అక్క.

శిఖరాన బానెట్లు తెరుచుకున్నాయి. కార్యదర్శి కళ్లు వాచి మూసుకుపోయాయి. అయినా పట్టు వదలక, “చేత్తో తడిమి తేల్చేస్తాను!” అన్నాడు. మొదట బావ బండి. వేలు కార్బురేటర్‌లో ఇటునుండి దూరి అటు తేలింది. వాసన చూసుకున్నాడు. పెట్రోలు జాడ లేదు. అధ్యక్షులవారు కళ్లు మూసుకున్నారు. అతడు పక్క బండిని తడిమాడు. అదీ డొల్లే. ఆ పక్కదీ, దాని పక్కదీ, అన్నీ! సభ్యులందరికీ హఠాత్తుగా ఆకాశంలో మబ్బుల అందం కనిపించింది.

కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. “పరీక్ష ముగిసింది. అన్నీ నిక్కమైన కార్బురేటర్లే!”

చప్పట్లు మారుమ్రోగాయి. ఆ హోరులో అతడు అధ్యక్షులవారి చెవి వెతుక్కుని గొణిగాడు. “బావా, ఎవడా మెకానిక్కు? రేపు నన్నూ తీసుకెళ్లు.”

తేనెటీగలు సద్దుమణిగాక, దారిలో విడిచివచ్చిన కార్యదర్శి బండిని తాడు కట్టి లాక్కుపోదామని అందరూ కొండ దిగారు. మలుపు రాగానే ఆనవాయితీ ప్రకారం అందరూ ఆగి, నిట్టూర్చి, ఎవరి బండిలో వారు తడిగుడ్డలు వేసుకున్నారు. నిజంగా చెడిపోయిన బండి మీద గుడ్డ వేయాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు.