బావకూ గారుకూ మధ్య ఖాళీ

ఆ ఉదయం చుక్కల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేసి, దేవుడికి దండం పెట్టుకుని, చరిత్ర ప్రశ్నపత్రాన్ని చుక్కల్లోకి మార్చి, మధ్యాహ్నం లోపు ప్రెస్సుకు పంపి, కడుపునిండా తిని పడుకోవడం. ఇందులో మొదటి రెండూ సజావుగానే జరిగాయి.

ఆయన నిజానికి మాస్టారు కాదు. అంధుల బడి కోసం పుస్తకాలను బ్రెయిలీలోకి మార్చే పని ఇంట్లో కూర్చుని చేస్తాడు. వేళ్ళతో తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కలతోనే బతుకు గనక ఆ పేరు స్థిరపడిపోయింది. మర్నాడు పిల్లలకు పరీక్ష. పేపరు చుక్కల్లో అందకపోతే ఎవరో ఒకరు పక్కన కూర్చుని చదివి వినిపిస్తారు. పోయినసారి అలాగే జరిగింది. అప్పుడు ఒక అమ్మాయి ఆయన్ని ఆపి, "నేను జవాబు తప్పు చెప్పినప్పుడల్లా ఆవిడ నిట్టూరుస్తుంది సార్. మా పేపరు మేమే చదువుకుంటాం" అంది. ఈసారి చదువుకుందురుగానీ అని ఆయన మాటిచ్చాడు.

ముందురోజే ఆయన కంప్యూటరు మారింది. బావమరిది కొత్తది తెచ్చి, పాతదానిలోని సరంజామా అంతా ఎక్కించి వెళ్ళాడు. అది విండోస్ యంత్రమే గాని, చుక్కలు వేసే ప్రోగ్రాములు మాత్రం యూనిక్స్ అనే వేరే పద్ధతివి. వాటి కోసం విండోస్ లోపలే ఒక నల్ల కిటికీ తెరుచుకుంటుంది. పరాయి ఊళ్ళో కాపురం పెట్టినవాళ్ళలా అక్కడ దాని ఆచారాలు దానివే. ప్రతి మనిషికీ అది ఒక ఫోల్డరు కేటాయిస్తుంది. దాన్ని హోమ్ అంటారు. ఏ అక్షరానికి ఏ చుక్కలు పడాలన్న పట్టికా, మిగతా అమరికలూ అందులోనే ఉంటాయి. బావా బావమరుదులిద్దరూ దాన్ని ఇల్లు అనే పిలుచుకుంటారు.

నల్ల కిటికీ తెరిస్తే ఇల్లు లేదంది. మూసి తెరిచాడు. మళ్ళీ అదే మాట. సరే కదా అని ప్రశ్నపత్రం ఇచ్చి చూస్తే, పట్టిక దొరక్క, చుక్కలకు బదులు తెర నిండా ప్రశ్నార్థకాలు పోసింది. చరిత్ర మీద ఇన్ని అనుమానాలు ఆయనకు కూడా ఎప్పుడూ రాలేదు. అన్ని చోట్లా ఉంటావంటారు కదా స్వామీ, ఇందులో కూడా ఉన్నావా, లేక నీకూ దారి దొరకలేదా అని మనసులోనే అడిగి, బావమరిదికి ఫోను చేశాడు. చేతులు కీబోర్డు మీద ఉండాలి గనక స్పీకరు పెట్టాడు. అదే కొంప ముంచింది.

బావమరిది తెర మీద కనబడే పేరు చదవమన్నాడు. మాస్టారు చదివాడు. ముందు బావ, తర్వాత ఖాళీ, ఆ తర్వాత గారు.

బావమరిది నాలిక కరుచుకున్నాడు.

"తప్పు నాదే బావగారూ. గౌరవం కొద్దీ గారు తగిలించాను, మధ్యలో ఖాళీ వదిలాను. అది ఖాళీ చూడగానే పేరు అయిపోయిందనుకుంటుంది. ఉత్త బావ ఇల్లు వెతుకుతోంది. అలాంటోడు ఎవడూ లేడు."

"మర్యాదకి ఇంత శిక్షా? ఇప్పుడేం చెయ్యను?"

"ఏం లేదు. గారు తీసేసి కొత్త ఇల్లు ఒకటి పెట్టండి. సామానంతా అందులోకి తరలించి, పాతిల్లు ఖాళీ చేసెయ్యండి. మధ్యాహ్నం లోపు అయిపోద్ది. అక్కకి మాత్రం చెప్పకండి. మీ పేరులో గారు పీకేయించానని తెలిస్తే నా వీపు చీరేస్తుంది."

సరిగ్గా ఈ చివరి మాటల దగ్గరే మాస్టారి అత్తగారు గిన్నె పట్టుకుని గుమ్మం దాటుతోంది. ఆవిడ చెవులకు ఏ లోపమూ లేదు. కొత్త ఇల్లు, ఖాళీ, అక్కకి చెప్పకండి, ఈ మూడూ స్పష్టంగా విన్నది. వీపు సంగతి వినేదాకా ఆగలేదు.

ఇల్లాలు మొదట నమ్మలేదు. అయితే నిన్నంతా మొగుడూ తమ్ముడూ తలుపు వేసుకుని గుసగుసలాడటం గుర్తొచ్చింది. అప్పుడు నమ్మింది. నమ్మాక అల్మరా తలుపులు తెరిచి గిన్నెలు దించడం మొదలుపెట్టింది. ఒక్కో గిన్నె ఒక్కో మాట మాట్లాడింది. అత్తగారు కూపీ లాగుదామని కింద వాటాలో ఉంటూ అద్దె వసూలు చేసే ఇంటాయన దగ్గరికి వెళ్ళి, ఖాళీ చేసేవాళ్ళు ఎన్నాళ్ళ ముందు చెప్పాలి బాబూ అని, ఎవరి గురించో అడిగినట్టు అడిగింది. ఆవిడకది గుండెల మీద కుంపటే గాని, ఇంటాయనకు వరప్రసాదం. ఇల్లు కావాలని ఒకతను వారం నుంచి తిరుగుతున్నాడు. వెంటనే అతనికి కబురు చేశాడు. వచ్చేవాళ్ళకు వైరింగు బాగుండాలని ఎలక్ట్రీషియన్ను కూడా పిలిచాడు.

లోపలి గదిలో మాస్టారికి ఇవేవీ తెలియవు. ఇల్లు ఎక్కడుందో చెప్పే వరసలో ఖాళీ లేని పేరు రాశాడు. పాత ఫోల్డరులోవన్నీ కొత్తదాంట్లోకి మార్చాడు. ప్రాణాలు ఉగ్గబట్టుకుని నల్ల కిటికీ తెరిచాడు. ఈసారి ఇల్లు దొరికింది. పట్టికా దొరికింది. ప్రశ్నపత్రం చుక్కలుగా మారడం మొదలైంది. అది నత్తనడక వ్యవహారం. గడియారం మాత్రం పరుగెడుతోంది.

అప్పుడు ఇల్లాలు గుమ్మంలో నిలబడింది.

"ఏవండీ, ఎప్పుడనుకుంటున్నారు?"

"మధ్యాహ్నం లోపు పంపించేస్తాను" అన్నాడాయన, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"మమ్మల్నా?"

"ఇప్పుడు కదిలించకు. సగంలో ఉంది. కదిలిస్తే మొత్తం పోతుంది."

"పోయేది ఎప్పుడో పోయిందిలెండి" అని ఆవిడ ముక్కు చీదింది. ఆయన అటు తిరగబోయాడు. ఆ క్షణంలోనే ఎలక్ట్రీషియన్ మెయిన్ స్విచ్ దించాడు. తెర నల్లబడింది. ఫ్యాను ఆగింది. చుక్కలన్నీ గాలిలో కలిశాయి.

మాస్టారు హాల్లోకి వచ్చి చూస్తే గిన్నెలన్నీ నేల మీద బారులు తీరి ఉన్నాయి. అత్తగారు మూట కడుతోంది. ఇంటాయన కొలతలు చెబుతున్నాడు. ఎవరో కొత్త మనిషి గోడలు తట్టి చూసి వంటింట్లోకి నడిచాడు. ఇదేమిటని అడిగే తీరిక మాస్టారికి లేదు. కళ్ళ ముందు పరీక్ష రాసే ఆ అమ్మాయి మొహమే ఉంది. ప్రెస్సతనికి ఫోను కలిపాడు. ఏళ్ళ తరబడి పరిచయమే గాని, ఆ మనిషి ఆయనకు గొంతుగానే తెలుసు. కొంచెం గడువు అడగాలి, కాళ్ళు పట్టుకునైనా అడగాలి.

ఫోను వంటింట్లో మోగింది.

కొళాయి కింద చెయ్యి పెట్టి నీళ్ళ ధార చూస్తున్న కొత్త మనిషి, తడిచేత్తోనే జేబులోంచి ఫోను తీశాడు. "చెప్పండి మాస్టారూ" అన్న మాట ఆయనకు ఒక చెవిలో ఫోనులోంచి, రెండో చెవిలో గోడ అవతల్నుంచి వినిపించింది.

"మీరు ప్రెస్సులో లేరా?"

"మీ ఫైలు ఎంతకీ రాలేదు కదా, ఈలోగా ఒక ఇల్లు చూద్దామని వచ్చానండి. మీరెక్కడున్నారు?"

"మీ వెనకాల" అన్నాడు మాస్టారు, వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడి.

ఆ తర్వాత విషయం తేలడానికి కాస్త సమయం పట్టింది. ఏ ఇల్లు, ఎవరి ఖాళీ అన్నది ఆయన రెండుసార్లు విడమరిచి చెప్పాడు. మరి మా అమ్మాయికి చెప్పొద్దన్నారేం అని అత్తగారు నిలదీస్తే, బావమరిది వీపు సంగతి కూడా చెప్పాల్సివచ్చింది. ఇల్లాలు కళ్ళు తుడుచుకుని తమ్ముడికి ఫోను చేయడానికి వెళ్ళింది. ఆ వీపును ఇక దేవుడే కాపాడాలి. కరెంటు వచ్చింది. ప్రెస్సతను మాస్టారు వెనకే కుర్చీ వేసుకుని కూర్చుని, చివరి చుక్క పడేదాకా ఉండి, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని లేచాడు. గుమ్మం దగ్గర మొహమాటంగా ఆగి, ఇంతకీ ఇల్లు ఖాళీ అవుతుందా అని అడిగాడు. లేదని ఇంట్లోవాళ్ళు ముగ్గురూ ఒక్కసారే అన్నారు.

మర్నాడు పిల్లలు తమ పేపరు తామే చదువుకున్నారు. సాయంత్రం ఆ అమ్మాయి ఫోను చేసి, ప్రశ్నలన్నీ చాలా స్పష్టంగా ఉన్నాయని, అందువల్ల ఏవేవి రావో వెంటనే తెలిసిపోయిందని చెప్పింది.