తీగ లేని మోటారు

ఆ ఉదయం ఇల్లాలి ప్రణాళిక చాలా చిన్నది: తలస్నానం చేసి ప్రమోషన్ ఇంటర్వ్యూకి వెళ్ళడం. శ్రీవారిది మాత్రం మహత్తరమైనది. మంచం దిగకుండా మోటారు వేసి ట్యాంకు నింపడం! అందుకోసం మైక్రోకంట్రోలర్ అనే ఒక బుల్లి కంప్యూటర్ బోర్డును మోటారు దగ్గర బిగించి, ఇంకోదాన్ని సబ్బుపెట్టెలో ఇమిడ్చి చేతిలో పెట్టుకున్నాడు. ఒకసారి నొక్కితే మోటారు ఆన్, మళ్ళీ నొక్కితే ఆఫ్. గోడమీది పాత స్విచ్చు నిక్షేపంలా పనిచేస్తున్నా, వైర్ల కాలం చెల్లిపోయిందంటూ ముందురోజే పీకి పారేశాడు. ప్రోగ్రామంతా తన సొంత బుర్రేనని ఆఫీసులో చాటింపు కూడా వేసుకున్నాడు. నెట్‌లోంచి అక్షరం పొల్లుపోకుండా ఎత్తాడన్న సంగతి ఆయనకూ ఆ దేవుడికీ మాత్రమే తెలుసు.

ఆమె తలకు షాంపూ పట్టించేసరికి కుళాయి బుసకొట్టి ఆగిపోయింది.

"ఏమండీ! నీళ్ళు!"

"ఇదిగో, ఒక్క నొక్కు!"

దిండుకు ఆనుకునే బటన్ నొక్కాడు. మోటారు గుర్రుమంది. ఆయన మీసం మెలేసేలోపే ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ మొదలై మళ్ళీ ఆగింది.

పక్కింట్లో రిటైరైన ఫిజిక్స్ మాష్టారి పరిస్థితి ఇంకా ఘోరం. ఆయనా సొంతంగా వైర్‌లెస్ కాలింగ్ బెల్ తయారుచేసి గుమ్మానికి తగిలించాడు. అది తెగ మోగుతోంది, తలుపు తీస్తే ఎవరూ లేరు. బెల్లు పాడైందేమోనని ప్రతిసారీ బయటికొచ్చి తనే నొక్కి చూశాడు. ఆ నొక్కుకి ఇవతల మోటారు ఆగేది. ఆగిందని శ్రీవారు నొక్కితే అవతల బెల్లు మోగేది. ఇద్దరు మేధావులూ గోడకు చెరోపక్కా ఒళ్ళు మరిచి నొక్కుకుంటూ పోయారు. చివరికి ఎవడో ఆకతాయి పనేనని తేల్చుకుని మాష్టారు చేతికర్రతో తలుపు వెనక నక్కాడు.

"ఎంతసేపండీ? కళ్ళు మండిపోతున్నాయి! అవతల ఇంటర్వ్యూకి టైమైపోతోంది!"

"సిగ్నల్లో ఏదో డిస్టర్బెన్స్. ప్రోగ్రాము ఒకసారి చూడనీ," అంటూ శ్రీవారు ల్యాప్‌టాప్ తెరిచాడు.

"మీ ప్రోగ్రాము తగలెయ్య!"

నురుగు తలకు తువ్వాలు చుట్టి, బకెట్ పట్టుకుని, ఆమె పక్కింటికి వెళ్ళి బెల్లు నొక్కింది.

"దొరికావురా వెధవా!" అంటూ కర్రెత్తి గెంతిన మాష్టారు, ఆమెను చూసి కొయ్యబారిపోయాడు. "నువ్వా అమ్మా? పొద్దున్నుంచీ నువ్వేనా?"

ఆమె తన ఇంటివైపు చెవి రిక్కించింది. తను బెల్లు నొక్కగానే మొదలైన మోటారు ఆగకుండా నడుస్తోంది.

"మాష్టారూ, మీకు దణ్ణం పెడతాను. నేను తల కడుక్కునేదాకా ఈ బెల్లు జోలికి వెళ్ళకండి," అని వెనక్కి పరుగెత్తింది.

శ్రీవారు ల్యాప్‌టాప్‌తో సహా వచ్చాడు. మాష్టారూ తనది తెచ్చాడు. సిగ్నల్ ఎవరిదో గుర్తుపట్టే నంబరు రెంటిలోనూ ఒకటే. దాని పక్కన 'నమూనా నంబరు, తప్పక మార్చుకోండి' అన్న మాట కూడా రెంటిలోనూ ఉంది.

"మీరు మార్చండి మాష్టారూ."

"నేనెందుకు మారుస్తానయ్యా? ఇది నా సొంత బుర్ర!"

"నాదీ సొంతమే!"

మారిస్తే కాపీ కొట్టామని ఒప్పుకున్నట్టే. ఛీ, ఒక్క అంకె మార్చడానికి ఇద్దరికీ ప్రాణం ఒప్పలేదు; నంబరు అలాగే ఉండిపోయింది.

ఆమె తల కడుక్కుని, సబ్బుపెట్టెను చెత్తబండిలో పారేసి వెళ్ళింది. సాయంత్రం ప్రమోషన్‌తో తిరిగొచ్చింది. పాత స్విచ్చు మళ్ళీ బిగిస్తే పరువు పోతుందని శ్రీవారు బిగించనేలేదు. రోజూ పొద్దున్నే మంచం దిగి, చెప్పులేసుకుని, పక్కింటిదాకా నడిచి బెల్లు నొక్కి వస్తాడు. ఆపడానికి మళ్ళీ వెళ్తాడు.

మధ్యలో వైరు మాత్రం ఎక్కడా లేదు.