తిరుగు కవరు లేని కథలు

ముప్పై ఏళ్ళుగా కథలు రాస్తున్నాను. మీలో ఎవరూ చదవలేదంటే ఆ తప్పు మీది కాదు, సంపాదకులది. వాళ్ళు చదివారనడానికి సాక్ష్యంగా మొదటి పుట మీద టీ కప్పు మరక ఉండేది. రెండో పుట నుంచి ఏ మరకా ఉండేది కాదు.

మా వీధి పోస్ట్‌మ్యాన్ నాకు 'తిరుగుటపా గారు' అని పేరు పెట్టాడు. మొదట్లో గుమ్మంలో ఆగి ఓదార్చేవాడు. పోనుపోను సైకిలు కూడా దిగకుండా, కథను కిటికీలోంచి గురిచూసి విసిరేవాడు. అది మా ఆవిడ కుట్టుమిషను మీద పడేది. మా ఆవిడ వీధి అందరికీ బట్టలు కుడుతుంది.

పోయినేడు మా బావమరిది వచ్చాడు. అతనికి ఇనప సామాన్ల కొట్టుంది.

"బావగారూ, ఇక ఈ రాతలు చాలించండి. నా కొట్లో కూర్చుని మేకులు తూద్దురుగాని."

నాకు రోషం పొడుచుకొచ్చింది. "ఆరు నెలలు ఆగు! ఈలోగా ఒక్క కథ తిరిగొచ్చినా మేకులే తూస్తాను."

"మాట మీద ఉంటారుగా?" అంది మా ఆవిడ, దారం కొరుకుతూ.

అప్పుడు నా బుర్ర పాదరసంలా పనిచేసింది. మన చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు జతచేస్తేనే పత్రికలవాళ్ళు కథను తిప్పి పంపుతారు. అంటే ఇన్నాళ్ళూ నా పరువు తీయడానికి నేనే స్టాంపులు సరఫరా చేశానన్నమాట! ఆ కవరు మానేశాను. పదకొండు కథలు రాసి, దారాలు కొనడానికి పోస్టాఫీసు వైపు వెళ్ళే మా ఆవిడ చేతికే ఇచ్చాను.

ఒక్కటీ తిరిగి రాలేదు. నేను పోస్టు వేళకి గ్రంథాలయంలో కూర్చుని కుర్రకారుకి కథ రాయడం ఎలాగో చెప్పేవాణ్ణి. పోస్ట్‌మ్యాన్ ఎదురుపడితే తల వంచుకుని పోయేవాడు. గౌరవం అనుకున్నాను.

గడువు చివరి రోజున బావమరిది వచ్చాడు.

"పదకొండు పంపాను. ఒక్కటైనా వచ్చిందేమో మీ అక్కయ్యనే అడుగు," అన్నాను కాలు మీద కాలేసుకుని.

మా ఆవిడ నోరు విప్పేలోగా ఆస్పత్రి హెడ్ నర్సు ఇంకో జాకెట్టుకి కొలతలివ్వడానికి వచ్చింది. వస్తూనే, "ఏవమ్మా, ఇంతకీ ఆ గార్డు రైలు దిగాడా లేదా?" అంది.

నా కాలు మీది కాలు జారింది. ఆ గార్డు నా ఏడో కథలో మనిషి!

మా ఆవిడ నన్ను ముట్టుకోనివ్వని అట్టపెట్టె లాగి చూశాను. నా పదకొండు కథలూ ఉన్నాయి. అతికించి, కత్తిరించి, చేతులుగా, కాలర్లుగా, జేబులుగా.

"మీరు మతిమరుపుతో కవరు మానేస్తున్నారని నేనే పెట్టాను," అంది మా ఆవిడ. "కథలు రాకపోతే నా కటింగుకి కాగితమేదీ?"

"మరి వచ్చాయని చెప్పలేదేం?"

"చెబితే మేకులు తూచడానికి పోతారుగా!"

బావమరిది లేచాడు. "మాటంటే మాటే. రేపట్నుంచి కొట్టుకి రండి."

"కుదరదురా," అంది మా ఆవిడ. "బడి యూనిఫారాలు ఒప్పుకున్నాను. సైజుకో నమూనా కావాలి. మీ బావని పంపితే నాకు కాగితం నువ్విస్తావా?"

అతను నన్ను జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

నర్సు మాత్రం కదల్లేదు. "దిగాడా లేదా?"

ముప్పై ఏళ్ళలో తర్వాతేమైందని నన్నెవరూ అడగలేదు. చెప్పబోయాను.

"మీరు ఊరుకోండి," అంది మా ఆవిడ. "అది రెండో చేతి ముక్కలో ఉంది. ట్రయలుకి శుక్రవారం రండమ్మా, చదువుదురుగాని."

నర్సు వెళ్ళాక మా ఆవిడ నావైపు తిరిగింది. "కూర్చుని రాయండి. ఈసారి కాస్త పెద్ద కథ. పదో తరగతి పిల్లలకి చేతులు పొడుగు."

తలొంచుకుని మొదలుపెట్టాను. ఇంత కథ కావాలని నన్ను అడిగి రాయించుకున్న మొదటి మనిషి మా ఆవిడే.